కారని కప్పు

ఏప్రిల్ 17, 2014. గురువారం

తెలుగులో రాస్తున్నాను కాబట్టి ఎవరూ చదవరు. నా కూతురు భవితకు అక్షరాలు రావు, మా ఆయన మోహన్‌కు ఓపిక లేదు. ఈ ఇంట్లో నాకంటూ ఉన్న గది ఈ నోటుబుక్కే.

ఇవాళ గురువారం బల్ల దగ్గర మళ్ళీ కేకలు. నేను పనిచేసే ఈ అమెరికా టౌన్ లైబ్రరీలో కిటికీ పక్కనున్న గుండ్రబల్ల చుట్టూ ప్రతి గురువారం పదకొండింటికి ఐదుగురు ముసలివాళ్ళు చేరతారు. అందరూ యూదులు, అందరూ పెద్ద చదువులు చదివి రిటైరైనవాళ్ళు. ఇరవయ్యేళ్ళుగా ఇలాగే కూర్చుంటున్నారట. పేపర్లు చదువుతారు, వాదించుకుంటారు, పన్నెండున్నరకు కలిసి సూప్ తాగడానికి వెళ్తారు. ఇవాళ నలుగురే వెళ్ళారు. హార్వీ లిప్‌కిన్ ముందే లేచి, కోటు తొడుక్కుని, బల్లమీది పుస్తకాన్ని బోర్లా తిప్పి పెట్టి వచ్చేశాడు. ఆయన మా లైబ్రరీ బోర్డులో ట్రస్టీ కూడా.

ఆ పుస్తకం అదే బల్ల దగ్గర కూర్చునే సిల్వియా ఏడెల్‌మన్ రాసింది. ఎనభై రెండేళ్ళావిడ, ముప్పై అయిదేళ్ళు కాలేజీలో రాజనీతి చెప్పింది. పుస్తకం పేరు ‘నేను నాటని చెట్లు’. మా టౌన్‌లో పుస్తకం రాసిన ప్రతివాళ్ళకూ నెలలో మూడో గురువారం సాయంత్రం కమ్యూనిటీ రూమ్‌లో ఒక మీటింగు పెడతాం. కుక్కల ట్రైనింగ్ మీద రాసినాయనకు పెట్టాం. గుమ్మడికాయ వంటలావిడకు పెట్టాం. సిల్వియాకు మే 15 ఇచ్చాను. క్యాలెండర్‌లో అదే ఖాళీగా ఉంది.

“ఆ తేదీ కావాలనే పెట్టావా?” అని హార్వీ నా డెస్క్ దగ్గర ఆగి అడిగాడు.

“ఏ తేదీ, సర్?”

నా మొహం చూసి, నిజంగానే తెలియదని నమ్మినట్టున్నాడు. “సరేలే” అని వెళ్ళిపోయాడు.

తర్వాత వెతికి చూశాను. ఇజ్రాయెల్ ఏర్పడిన మర్నాడు. పాలస్తీనావాళ్ళు తమ ఊళ్ళు పోయినందుకు ఏడ్చే రోజు. ఒక తేదీకి ఇంత బరువుంటుందని నాకెలా తెలుస్తుంది? నాకు చిరాకు వేసింది. ఎవరి మీదో తెలియలేదు.

ఏప్రిల్ 23, బుధవారం

పుస్తకం చదివాను. రెండు లంచ్ బ్రేకుల్లో, కార్లో కూర్చుని. చదవకపోయినా బాగుండేది.

1951లో, పంతొమ్మిదేళ్ళప్పుడు, సిల్వియా బ్రూక్లిన్‌లో అమ్మానాన్నలను వదిలి ఓడెక్కి ఇజ్రాయెల్ వెళ్ళింది. అక్కడ అందరూ కలిసి బతికే ఒక వ్యవసాయ క్షేత్రంలో రెండేళ్ళు పనిచేసింది. బాదం తోటలో పని. చెట్ల మొదళ్ళు రెండు చేతులతో కౌగిలించుకున్నా అందనంత లావు. క్షేత్రం పెట్టి మూడేళ్ళు కూడా కాలేదు. “వీటిని ఎవరు నాటారు?” అని అడిగితే, “చెట్లు ముందే ఉన్నాయి” అన్నారట. ఆ జవాబు తనకు ఇరవయ్యేళ్ళు సరిపోయిందని రాసింది.

అక్కడ ఆగిపోయాను. తనను మోసం చేశారని రాయలేదు. సరిపోయింది అని రాసింది.

చివరి చాప్టర్‌లో తేల్చి చెప్పేసింది. ఆ నేల మీద ఉన్నవాళ్ళందరికీ ఒకే చట్టం, ఒకే ఓటు. వెళ్ళగొట్టినవాళ్ళకు తిరిగొచ్చే హక్కు. యూదులకంటూ ఒక రాజ్యం ఉండాలన్న జయోనిజాన్ని తను యాభై ఏళ్ళు నమ్మింది. ఆ నమ్మకం అందరి సమానత్వానికి అడ్డొస్తే నమ్మకాన్నే వదులుకుంటాను అని రాసింది.

సిల్వియాకు పుస్తకం తిరిగిచ్చేటప్పుడు నోరు ఊరుకోక చెప్పాను. మా అమ్మమ్మ వాళ్ళ ఊరు శ్రీశైలం డ్యామ్ కింద మునిగిందని.

“నీళ్ళొచ్చాయని వెళ్ళారా, పోలీసులొచ్చి పంపించారా?” అంది వెంటనే.

“పోలీసులే. ఇళ్ళు కూలగొట్టారు. నాకప్పుడు తొమ్మిదేళ్ళు.” మళ్ళీ నేనే అన్నాను: “అదీ ఇదీ ఒకటి కాదులెండి. మాకు పరిహారం ఇచ్చారు.”

“ఏ రెండూ ఒకటి కావు, కృష్ణా. మీ అమ్మమ్మ ఏమంది?”

“ఏమీ అనలేదు. ఆవిడను ఎవరూ అడగలేదు.”

“మరి నువ్వు?”

ఈవిడతో ఇదే. ఒక మాట చెబితే ఇంకో మాట లాగుతుంది. నేను కూడా అడగలేదని ఆవిడకు ఎందుకు చెప్పాలి?

మే 8, గురువారం

డైరెక్టర్ గ్రెగ్ హాలోవే పిలిచాడు. తలుపు వేశాడు. గ్రెగ్ ఎప్పుడూ తలుపు వేయడు.

ట్రస్టీలకు నలభై ఈమెయిళ్ళు వచ్చాయట, సిల్వియా మీటింగు ఆపమని. హార్వీ తన పేరు పెట్టి ఉత్తరం రాశాడట.

“ఆపేయొచ్చా?” అన్నాను.

“కుదరదు, క్రిస్. పబ్లిక్ లైబ్రరీ మనది. మాట్లాడేది నచ్చలేదని ఆపితే కోర్టుకెళ్తారు.” కాసేపు పెన్ను తిప్పాడు. “రూమే బాగాలేదనుకో. అప్పుడది వేరే విషయం.”

కమ్యూనిటీ రూమ్ సీలింగ్‌కు ఒక మూల పసుపుపచ్చ మచ్చ ఉంది. ఎప్పటిదో. దానివైపు చెయ్యి చూపించాడు, గోడ అవతల ఉన్నా కనిపిస్తున్నట్టు.

“నువ్వు చెబితే సిల్వియా నొచ్చుకోదు. నువ్వంటే ఇష్టం ఆవిడకు” అన్నాడు. ఆ వెంటనే, “సెప్టెంబరుతో నీ ప్రొబేషన్ అయిపోతుంది కదా?” అన్నాడు. రెండు మాటలకూ సంబంధం లేనట్టే, క్యాలెండర్ చూస్తూ.

నన్ను ఉద్యోగంలో పెట్టుకుంది గ్రెగ్గే. ఎవరూ ఇంటర్వ్యూకు కూడా పిలవని రోజుల్లో. అది మర్చిపోకూడదు.

మే 12, సోమవారం

ఫోన్ చేశాను. సీలింగ్ కారుతోందని చెప్పాను. “అయ్యో, పుస్తకాలు తడవలేదు కదా?” అంది సిల్వియా.

తడవలేదన్నాను.

మే 13

మచ్చ ఉంది. నేను కళ్ళారా చూశాను.

మే 14

ఇందులో నా తప్పేముంది? వాయిదా వేశాం, అంతే. ఎనభై రెండేళ్ళ మనిషి మీద నలభై మంది వచ్చి అరిస్తే తట్టుకోగలదా? ఒక రకంగా ఆవిడకు మేలే చేశాను.

పన్నెండేళ్ళు హెచ్‌-4 వీసా మీద ఇంట్లో కూర్చున్నాను. పని చేయడానికి చట్టం ఒప్పుకోదు. మోహన్ ఆఫీసుకు వెళ్తే నేను బట్టలు మడతపెట్టాను. 2010లో గ్రీన్‌కార్డు వచ్చింది. నలభై దగ్గరపడ్డాక లైబ్రరీ సైన్స్ డిగ్రీ చేశాను, భవిత పక్కన కూర్చుని ఇద్దరం హోంవర్కు చేసుకున్నాం. ఈ డెస్క్ నాది. బ్యాడ్జి మీద పేరు నాది. సిల్వియాకు పెన్షన్ ఉంది, ప్రొఫెసర్ అన్న పేరుంది, ఎవరికీ భయపడనక్కర్లేదు. నాకేముంది?

మచ్చ మాత్రం నిజంగానే ఉంది.

మే 16, శుక్రవారం

సిల్వియా వచ్చింది. శుక్రవారం ఆవిడ ఎప్పుడూ రాదు. కర్ర పట్టుకుని నేరుగా కమ్యూనిటీ రూమ్ దగ్గరికి నడిచింది. లోపల ఊలు అల్లేవాళ్ళ క్లబ్బు. పద్నాలుగు మంది, సరిగ్గా ఆ మచ్చ కింద. తలుపులోంచి చాలాసేపు పైకే చూసింది.

డెస్క్ దగ్గరికొచ్చి, “నిన్నటిదాకా కారింది ఒక్కరోజులో ఆరిపోయిందా?” అంది.

“రిపేర్ చేశారు.”

“ఎవరు?”

“కాంట్రాక్టర్ ఎవరో వచ్చాడు.”

కోపంగా చూసుంటే బాగుండేది. “కృష్ణా, ముప్పై అయిదేళ్ళు పిల్లల పేపర్లు దిద్దాను. కాపీ కొట్టినవాడి మొహం ఎలా ఉంటుందో నాకు తెలుసు” అంది. “నిన్నెవరు చెప్పమన్నారో చెప్పు. చాలు.”

నేను కంప్యూటర్ వైపు చూశాను. ఎవరిదో పుస్తకం రెన్యూ చేస్తున్నట్టు నటించాను. ఆవిడ కర్ర చప్పుడు తలుపు దాకా వినిపించింది.

ఎంత పొగరు ఈవిడకు! నా ఉద్యోగం ఈవిడ ఇస్తుందా?

మే 29, గురువారం

గుండ్రబల్ల దగ్గర ఎవరూ లేరు. రెండో వారం ఇది. టౌన్ వీక్లీలో ఉత్తరం వచ్చింది, సిల్వియాతో పాటు బల్ల దగ్గర కూర్చునే మరో ఇద్దరు సంతకం పెట్టారు. వాళ్ళలో ఒకాయన లెక్కల ప్రొఫెసరు. “మేము ఇన్నాళ్ళూ ఒక మూలకు వచ్చేసరికి లెక్క ఆపేశాం. ఇప్పుడు పూర్తి చేస్తున్నాం. యూదులకు ఎన్ని హక్కులో పాలస్తీనావాళ్ళకు అన్నే” అని రాశాడు. కింద మరో పది ఉత్తరాలు, వాళ్ళను ద్రోహులంటూ.

ఎవరో పిల్ల తల్లి వచ్చి ఆ బల్ల ఖాళీయేనా, కూర్చోవచ్చా అని అడిగింది. కూర్చోమన్నాను.

జూన్ 3, మంగళవారం

లాయరు ఉత్తరం వచ్చింది సిల్వియా తరఫున. రూమ్ కారిందనడానికి రికార్డు చూపించమని.

గ్రెగ్ ఒక కాగితం నా ముందు పెట్టాడు. ఖాళీ రిపోర్టు ఫారం. “ఆరోజు రాయడం మర్చిపోయావు కదా. ఇప్పుడు రాసేయ్. మే 12 అని వెయ్యి.”

రాశాను. సీలింగ్ ఈశాన్యం మూల నీరు కారుచున్నది. సంతకం పెట్టాను. ‘కృష్ణకుమారి’ పూర్తి పేరు.

జూన్ 4

గ్రెగ్ కాఫీ తెచ్చిచ్చాడు. తాగాను.

జూలై 12, శనివారం

భాస్కరరావు గారింట్లో పార్టీ, ఎడిసన్‌లో. బేస్‌మెంట్‌లో పెద్ద టీవీ. జూన్ 2న రాష్ట్రం రెండైన దగ్గర్నుంచి ఎక్కడ నలుగురు కలిసినా అదే. చక్రధర్‌ది నల్గొండ. “మా హైదరాబాద్ మాకొచ్చింది అన్నా, ఇంకా మీ ఏడుపేంది?” అంటే, “మీ హైదరాబాదా? కట్టింది ఎవరండీ?” అని భాస్కరరావు గారు. గంటసేపు. ఒకాయన కళ్ళలో నీళ్ళు కూడా తిరిగాయి. అమీర్‌పేటలో ఫ్లాట్ ఉందట.

తర్వాత ఎవరో ఛానల్ మార్చారు. గాజా. పొగ. దుప్పటిలో ఏదో చుట్టి ఒకడు పరుగెత్తుతున్నాడు.

“ఇజ్రాయెల్‌ని చూసి మనవాళ్ళు నేర్చుకోవాలండీ” అన్నారు భాస్కరరావు గారు, పకోడీ నముల్తూ. “అలా కొడితేనే వింటారు వాళ్ళు.” చక్రధర్ కూడా నవ్వాడు. గంటసేపు కొట్టుకున్నవాళ్ళకు ఒక్క నిమిషంలో ఐకమత్యం వచ్చేసింది.

“అమీర్‌పేట ఫ్లాట్‌కి ఇందాక ఒకరు ఏడ్చారు కదా అన్నయ్యగారూ. ఆ దుప్పట్లో ఏముందో చూశారా?” అన్నాను.

అందరూ నా వైపు చూశారు. భాస్కరరావు గారు టీవీ సౌండ్ తగ్గించి, “అమ్మా, వాళ్ళు రాకెట్లు వేస్తున్నారు. అది కూడా చూడాలి కదా” అన్నారు మర్యాదగానే.

“చూస్తున్నానండీ. ఇజ్రాయెల్ వైపు చచ్చినా మనుషులే. అటు చచ్చినవాళ్ళకు మీరెవరూ పకోడీ తింటూ చప్పట్లు కొట్టరు కదా?”

కార్లో మోహన్ స్టీరింగ్ మీద కొట్టాడు. “ఏమైంది నీకు? పదిహేనేళ్ళ స్నేహం అది. వాళ్ళెవరో కొట్టుకుంటే మధ్యలో నువ్వెవరు?”

“నేను మధ్యలోనే ఉన్నాను” అన్నాను. అని చెప్పేశాను. ఫోను, ఊలు క్లబ్బు, రిపోర్టు, తేదీ. అన్నీ.

“సంతకం పెట్టావా?” అన్నాడు మోహన్.

“పెట్టాను.”

“అయితే ఇంక దాని మీదే ఉండు. మాట మారిస్తే రెంటికీ చెడతావు.”

వెనక సీట్లో భవిత ఇయర్‌ఫోన్స్ తీసేసి ఉంది. నేను చూసుకోలేదు. “అమ్మా, నువ్ ఫేక్ డేట్ వేశావ్ ఆ? మా స్కూల్‌లో అది చేస్తే సస్పెండ్ చేస్తారు, యూ నో.”

“నువ్వూరుకో” అని అరిచాను. దాని మీద అరవడం నాకు బాగా చేతనవును.

జూలై 31, గురువారం

హార్వీ వచ్చాడు. పుస్తకమేమీ తీసుకోలేదు. డెస్క్ అంచు పట్టుకుని నిలబడ్డాడు.

“నేను 1947లో జర్మనీలో పుట్టాను. ఇల్లూ ఊరూ పోయినవాళ్ళను ఉంచిన క్యాంపులో” అన్నాడు. ఎందుకు మొదలుపెట్టాడో అర్థం కాలేదు. “యుద్ధంలో యూదుల ఊచకోత తర్వాత మా అమ్మ తరఫున మిగిలింది ఆవిడా, ఆవిడ చెల్లెలూ. అమెరికా వీసాకు మాకు నాలుగేళ్ళు పట్టింది. పిన్ని ఆగలేక ఇజ్రాయెల్‌లో హైఫాకు వెళ్ళింది. అక్కడ మాత్రమే తలుపు తీశారు. సిల్వియాకు ఇదంతా తెలుసు. మా అమ్మ పోయినప్పుడు వారం రోజులు మా ఇంట్లో తోడుగా కూర్చుంది. తెలిసి రాసింది ఆ పుస్తకం.”

ఆయన కళ్ళజోడు తీసి తుడుచుకున్నాడు.

“ఆపమని నేనే రాశాను, పేరు పెట్టి. బోర్డులో ఓటింగు పెడతారు, ఆవిడ ఎదురుగానే చెబుదామనుకున్నాను. ఇంతలో రూమ్ కారింది. దేవుడు నన్ను కాపాడాడనుకున్నాను. రెండు నెలలుగా నిద్ర సరిగా లేదు.” నా కళ్ళలోకి చూశాడు. “నిజంగా కారిందా?”

“రిపోర్టులో ఉంది, సర్.”

“రిపోర్టులో ఉందని నాకు తెలుసు.”

“కారింది, సర్.”

తల ఊపి వెళ్ళిపోయాడు. ఆయన వెళ్ళాక కమ్యూనిటీ రూమ్‌లోకి వెళ్ళి, కుర్చీ ఎక్కి, మచ్చ మీద చెయ్యి పెట్టాను. పొడిగా, గరుకుగా ఉంది. పెయింటు పెచ్చు ఊడి కళ్ళలో పడింది.

నేనెవరికి మేలు చేశాను? సిల్వియాకు కాదు. ఆయనకు కాదు. ఇద్దరూ ఒకరి ముందు ఒకరు నిలబడి పోట్లాడుకోవాల్సినవాళ్ళు. నలభై ఏళ్ళ స్నేహితులు. వాళ్ళ పోట్లాట కూడా వాళ్ళకు లేకుండా చేశాను. పసుపుపచ్చ మచ్చ ఒకటి చూపించి.

ఇన్నాళ్ళూ అందరి మీదా కోపం రాసుకున్నాను ఇందులో. వెనక్కి తిప్పి చూస్తే ఒక్కచోట కూడా ‘అబద్ధం చెప్పాను’ అని లేదు. ‘చెప్పాను’ అని ఉంది.

అబద్ధం చెప్పాను. నాలుగుసార్లు. సిల్వియాకు ఫోన్లో. సిల్వియాకు డెస్క్ దగ్గర. కాగితం మీద. హార్వీకి.

ఆగస్టు 10

మోహన్‌కు చెప్పాను, 19న బోర్డు మీటింగులో మాట్లాడతానని. “నా ప్రాజెక్టు అక్టోబర్‌లో అయిపోతుంది, తెలుసా?” అన్నాడు. తెలుసన్నాను. “ఎవరికోసం చేస్తున్నావు ఇదంతా? ఆ ముసలావిడ కోసమా? పాలస్తీనా కోసమా?”

“నాకోసం.”

“అయితే మరీ అన్యాయం” అన్నాడు.

అది కూడా నిజమే. అయినా వెళ్తాను.

ఆగస్టు 19, మంగళవారం

లైబ్రరీ పార్కింగ్‌లో కార్లో కూర్చుని రాస్తున్నాను. ఇంటికెళ్తే మాట్లాడాలి.

టౌన్ హాల్లో మీటింగు. ఇంతమందిని ఎప్పుడూ చూడలేదు. సిల్వియా రెండో వరసలో, పక్కన లాయరు. ట్రస్టీల బల్ల దగ్గర హార్వీ, తల వంచుకుని. గ్రెగ్ లేచి నా రిపోర్టు చదివాడు. “మే 12న మా స్టాఫ్ మెంబర్ గమనించి నమోదు చేశారు” అని నా పేరు కూడా చదివాడు, తప్పు పలుకుతూ. సిల్వియా గ్రెగ్‌ను చూడలేదు. వెనక్కి తిరిగి నన్ను చూసింది.

పబ్లిక్ మాట్లాడే సమయం వచ్చాక లైన్లో నిలబడ్డాను. ఒక్కొక్కరికి మూడు నిమిషాలు. కోపం వస్తే నా ఇంగ్లీషులో తెలుగు యాస పైకొస్తుంది. రానీ అనుకున్నాను.

“ఆ రిపోర్టు రాసింది నేను. మే 12న కాదు, జూన్ 3న. సీలింగ్ కారలేదు. మచ్చ పాతది, ముట్టుకుని చూశాను, పొడిగా ఉంది. మిసెస్ ఏడెల్‌మన్‌కు ఫోన్ చేసి అబద్ధం చెప్పింది నేనే. డైరెక్టర్ చెప్పమన్నారు. కానీ గొంతు నాది. కుక్కల పుస్తకానికి రూమ్ ఇచ్చి, ఈవిడకు ఇవ్వడానికి భయపడ్డాం. ఎందుకంటే మనుషులందరూ సమానమని రాసింది. నచ్చకపోతే లోపలికొచ్చి పోట్లాడండి. తలుపు మూసి వాన కురిసిందని చెప్పకండి.”

ఇంకా ఒక నిమిషం మిగిలి ఉంది. మాటలు మిగల్లేదు.

అందరికంటే ముందు లేచింది హార్వీ. కుర్చీ వెనక్కి పడిపోయింది. “గ్రెగ్, నాకు అబద్ధం చెప్పావా?”

“హార్వీ, మీకు ఇబ్బంది కాకూడదనే...”

“నాకు ఇబ్బందా? నా పేరు పెట్టి రాశాను నేను! ఆమె మొహం మీద చెప్పేవాణ్ణి! నా మాటను దొంగదారిన పంపించావు!” నా వైపు తిరిగాడు. “నేను నిన్ను అడిగాను.”

“అడిగారు.”

“నా కళ్ళలోకి చూసి చెప్పావు.”

“అవును, సర్.”

బోర్డు తలుపులేసుకుని మాట్లాడుకోవడానికి వెళ్ళింది. ఎవరో చప్పట్లు కొట్టారు, ఎవరో ఛీ అన్నారు. రెండూ నాకేనేమో.

బయట సిల్వియా లాయరు కారు కోసం నిలబడి ఉంది. ఎదురుపడక తప్పలేదు.

“ఇప్పుడు నేను నీకు థాంక్స్ చెప్పాలా?” అంది.

“అక్కర్లేదు.”

“మంచిది. చెప్పను.” కారెక్కింది.

ఆగస్టు 22, శుక్రవారం

ఉద్యోగం పోయింది. ప్రొబేషన్‌లో ఉన్నవాళ్ళకు కారణం చెప్పనక్కర్లేదట. గ్రెగ్‌ను సెలవు మీద పంపారు, జీతంతో. సిల్వియా మీటింగు సెప్టెంబరు 18న పెట్టుకోవచ్చని బోర్డు ఒప్పుకుంది. బోర్డు లాయరే అలా సలహా ఇచ్చాడట.

బ్యాడ్జి ఇచ్చేశాను. మోహన్ “నేను చెప్పాను” అనలేదు. ఏమీ అనలేదు. ఇవాళ్టికి మూడో రోజు.

సెప్టెంబరు 18, గురువారం

నూట ఇరవై కుర్చీలు వేశారు. వరసల మధ్య కర్రపట్టుకుని నడిచే చోటు వదల్లేదు. సరిచేయబోయి చేతులు వెనక్కి తీసుకున్నాను. నాకిప్పుడు అక్కడ ఏ హక్కూ లేదు. భవిత వచ్చింది నాతో. అడగలేదు, షూస్ వేసుకుని కార్లో కూర్చుంది.

సిల్వియా నలభై నిమిషాలు మాట్లాడింది. గొంతు చిన్నది, మాట గట్టిది. “నేను యూదుల ఇల్లు కూల్చమనడం లేదు. ఒకే ఇంట్లో రెండు రకాల మనుషులు ఉండకూడదంటున్నాను. మా అమ్మ నాకు నేర్పిన ధర్మం అదే. దాన్ని ఒక్కచోట మాత్రం పక్కన పెట్టమని నేర్పారు. ఆ ఒక్కచోటే అది కావాలి.” ఒకాయన “సిగ్గులేదా?” అని అరిచి, భార్యను చెయ్యి పట్టుకుని లేపి వెళ్ళిపోయాడు. మిగతావాళ్ళు చప్పట్లు కొట్టారు, చాలాసేపు.

చప్పట్లు ఆగకముందే వెనకనుంచి ఒకావిడ లేచింది. పాటర్సన్ నుంచి వచ్చిందట, పళ్ళ డాక్టరు. వాళ్ళ తాతది పాలస్తీనాలో ఒక ఊరు, పేరు రెండుసార్లు చెప్పింది, అందరికీ వినబడేలా.

“మేడమ్, మీరు వదులుకున్నది ఒక నమ్మకం. మా తాత వదిలొచ్చింది ఇల్లు. నేను ఇరవయ్యేళ్ళుగా ఇదే మాట చెబుతున్నాను. నాకు ఏ లైబ్రరీ రూమూ ఇవ్వలేదు. చప్పట్లు మీకెందుకు?”

నేను ఆ క్యాలెండర్ నడిపిన నెలల్లో ఒక్కసారైనా అలాంటివాళ్ళను పిలుద్దామని నాకు తట్టలేదు.

“సరిగ్గా అడిగావమ్మా” అంది సిల్వియా. “ఇలా రా. నా టైమ్ ఇంకా ఇరవై నిమిషాలుంది. అది నీది.” కుర్చీ జరిపింది. డాక్టరమ్మ వెంటనే రాలేదు. కోపం తగ్గలేదు ఆవిడకు. తర్వాత వచ్చింది, కూర్చోలేదు, నిలబడే మాట్లాడింది. తాత తలుపు గురించి, వాళ్ళ అత్త ఇప్పుడు గాజాలో ఏ గదిలో ఉందో, ఆ గదికి ఎన్ని గోడలు మిగిలాయో చెప్పింది. ఎవరూ చప్పట్లు కొట్టలేదు. కొట్టే మాటలు కావవి.

హార్వీ మొదటి వరసలో చివరిదాకా కూర్చున్నాడు. చివర్లో లేచాడు. “సిల్వియా, ఒక్కటే ప్రశ్న. 1948లో మా పిన్ని ఎక్కడికి వెళ్ళి ఉండాల్సింది?”

“అక్కడికే, హార్వీ.” సిల్వియా ఆయన వైపు తిరిగింది. “ఎక్కడా రానివ్వనప్పుడు ఇంకెక్కడికెళ్తుంది? కానీ ఈ అమ్మాయి వాళ్ళ తాత బయట నిలబడి తలుపు కొడుతుంటే, మీ పిన్ని కూడా తలుపు తీసి ఉండాల్సింది.”

“ఆవిడకు ఒక్క గదే ఉంది!”

“నాకు తెలుసు. నీతో వెళ్ళినప్పుడు ఆ గదిలో నేను టీ తాగాను.”

హార్వీ కూర్చున్నాడు. ఒప్పుకోలేదు. ఒప్పుకోడు కూడా.

బయటికొచ్చేసరికి సిల్వియా హార్వీ కారులో ముందు సీట్లో ఉంది. అద్దాలు ఎత్తి ఉన్నాయి. లోపల ఇద్దరూ అరుచుకుంటున్నారు. ఆయన వేలు చూపిస్తాడు, ఆవిడ కర్రతో డ్యాష్‌బోర్డు మీద కొడుతుంది. పార్కింగ్ ఖాళీ అయినా ఆపలేదు.

“షుడ్ వీ హెల్ప్?” అంది భవిత.

“వద్దు. వాళ్ళను ఆపకూడదు” అన్నాను.

కాసేపటికి కారు కదిలింది. మలుపు తిరిగేటప్పుడు కూడా ఆవిడ చెయ్యి గాల్లోనే ఉంది.

సెప్టెంబరు 20

మోహన్ మాట్లాడాడు. “సాల్ట్ అయిపోయింది.” నెలరోజుల తర్వాత మొదటి మాట. తెచ్చాను.

సెప్టెంబరు 22, సోమవారం

మూడు చోట్ల అప్లై చేశాను. పాత ఉద్యోగం ఎందుకు వదిలేశారు అన్న గడి దగ్గర మూడుసార్లూ ఉన్నదున్నట్టు రాశాను. బహుశా మూడు చోట్ల నుంచీ పిలుపు రాదు. రాకపోతే నాలుగో చోట కూడా అదే రాస్తాను.

మధ్యాహ్నం ఫోన్ మోగింది.

“కృష్ణా, సిల్వియాని. అక్టోబరు 7న ఫిలడెల్ఫియాలో మాట్లాడాలి. పాటర్సన్ డాక్టరమ్మ కూడా వస్తోంది. ముందు తనే మాట్లాడుతుంది, తర్వాత నేను. నాకు డ్రైవింగ్ మానిపించారు. ట్రెయిన్ మెట్లు ఎక్కలేను. హార్వీ తీసుకెళ్ళనన్నాడు, వచ్చి నా మీద అరుస్తాడట గానీ డ్రైవ్ మాత్రం చేయడట. నీకిప్పుడు ఉద్యోగం లేదు కదా?”

“లేదు.”

“డ్రైవ్ చేస్తావా?”

“చేస్తాను.”

గడియారం చప్పుడు వినిపిస్తోంది అటువైపు నుంచి.

“నిన్ను క్షమించానని అనుకోకు” అంది.

“నేను అడగలేదు” అన్నాను.

“మంచిది” అంది సిల్వియా. “పదింటికి రా. ఆలస్యం చేస్తే నాకు ఒళ్ళు మండుతుంది.”